పాసైతేనే మాత్ర

తాళ్ళమెరక కుటుంబ ఆరోగ్య కేంద్రానికి క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు మంజూరైందని తెలిసినప్పుడు, ఆ పోస్టేమిటో ఊళ్ళో ఒక్కరికీ అంతుపట్టలేదు. డాక్టరు రోగం చెబుతాడు. నర్సు సూది పొడుస్తుంది. కాంపౌండరు కిటికీలోంచి మాత్రలు అందిస్తాడు. ఈ ముగ్గురి మధ్యా నాలుగో మనిషి చేసేదేముంటుందని అందరూ బుర్ర గోక్కున్నారు. "కాంపౌండరు మీద నిఘా పెట్టడానికేమో" అన్నారు కొందరు. కాంపౌండరు మాత్రం ఆ నిఘా డాక్టరుగారి మీదేనని నమ్మి సంతోషంగా ఎదురుచూశాడు.

ఆ నాలుగో మనిషి పేరు బొలిశెట్టి మంజూష. మందుల గురించి చదవగలిగినంతా చదివి, పట్నంలో పెద్దాసుపత్రిలో శిక్షణ పొంది వచ్చింది. డాక్టరు గదికీ మాత్రల కిటికీకీ మధ్య వరండాలో ఆమెకి ఒక బల్ల వేశారు. డాక్టర్ పద్మనాభం పెద్దాయన, మంచివాడు. కానీ ఆయన గది ముందు పొద్దున్న మొదలైన వరస సాయంత్రానికిగాని తెగదు. రోగి చాపిన నాలుక లోపల పెట్టుకునేలోగా చీటీ రాసేసి తరవాతి మనిషిని పిలవాల్సిన అవస్థ ఆయనది. ఈ చీటీలో మందులు పాత చీటీల మందులతో కలిసి ఒంట్లో ఏం రభస చేస్తున్నాయో చూసే తీరిక ఆయనకి లేదు. ఆ తీరికకే ప్రభుత్వం వారు క్లినికల్ ఫార్మసిస్టు అని పేరు పెట్టారు.

"ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకురండి" అంది మంజూష. పట్టుకొచ్చారు. బిస్కెట్ డబ్బాల్లో, చీర పెట్టెల్లో, పాత ఆవకాయ జాడీల్లో పట్టుకొచ్చారు. ఒకావిడైతే పోయిన అత్తగారి మాత్రలు పారేయడానికి మనసొప్పక తనే మింగుతున్నట్టు తేలింది. ఇంకొకాయన కంట్లో వేసుకునే చుక్కలు చెవిలో వేసుకుంటూ, చూపు మెరుగవలేదని డాక్టరుగారిని తిట్టుకుంటున్నాడు. మంజూష ఒక్కొక్కటీ విడదీసి, అక్కర్లేనివి తీసేయించి, కావలసినవి ఎప్పుడెలా మింగాలో చెప్పేది. ఆనక, "ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు చెప్పండి చూద్దాం" అనేది. వాళ్ళు తప్పు చెబితే నవ్వి మళ్ళీ చెప్పేది. అంతే ఆమె చేసిన నేరం.

రిటైరైన బస్సు డ్రైవరు నల్లా ధర్మారావు ఆమె దగ్గరికి వచ్చినప్పుడు గోడ పట్టుకుని వచ్చాడు. జన్మలో కల్లు ముట్టని మనిషి తాగినవాడిలా తూలుతుంటే వీధిలో పరువు పోతోందని ఆయన భార్య వీరవేణి బాధ. మంజూష సంచీ విప్పి చూసింది. గుండె కోసం పట్నం డాక్టరు ఇచ్చిన గులాబీ మాత్రా, ఇక్కడ ఇచ్చిన తెల్ల మాత్రా రెండూ ఒకటే మందు, కంపెనీలు వేరు, అంతే. పద్మనాభం గారికి చూపించి ఒకటి ఆపించింది. తూలడం పోయింది. మిగిలిన మాత్రలు, ముఖ్యంగా ఒంట్లో నీరు తీసే మాత్ర, ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పింది. "ఇప్పుడు మీరు చెప్పండి బాబాయిగారూ."

ధర్మారావు భార్య వంక చూశాడు.

"ఆయన్నడుగుతారేంటండీ అమ్మాయిగారూ" అంది వీరవేణి. "డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ కండక్టరు విజిలేత్తే కదిలాడు, ఇంట్లో నేను విజిలేత్తే కదిలాడు. నేను చేతిలో పెడతాను, ఆయన మింగుతాడు. ఏదెప్పుడో నన్నడగండి, చెబుతాను." గడగడా చెప్పేసింది కూడా.

"ఇంట్లో ఒకరికి తెలిస్తే చాలు పిన్నిగారూ" అంది మంజూష. ధర్మారావు అరచేయి చూసుకుని సంతోషించాడు. తాళ్ళమెరకలో సగం మంది మగవాళ్ళ వైద్యం ఆ పద్ధతిలోనే సాగుతోంది, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

అలా హాయిగా నడిచిపోతున్న రోజుల్లో ఔషధ విజ్ఞాన వికాస సంచాలకులు శ్రీ విశ్వంభరంగారు తనిఖీకి వేంచేశారు. ఆయన కొత్తగా ఆ కుర్చీలోకి వచ్చారు. కొత్త కుర్చీకి కొత్త పథకం ఉండాలని ఊరూరా తిరుగుతున్నారు. వరండాలో మంజూష అడగడమూ, ఒక ముసలామె వేళ్ళు మడుస్తూ జవాబు చెప్పడమూ ఆయన కంటబడింది. ఆయన అక్కడే నిలబడిపోయారు.

"ఈమె అడుగుతున్నది ఏమిటి?" అన్నారు వెంట ఉన్న అధికారులతో.

"ప్రశ్న సార్."

"ఆమె చెబుతున్నది?"

"జవాబు సార్."

"ప్రశ్న ఉన్నది. జవాబు ఉన్నది. మరి మార్కులేవి?" అన్నారు విశ్వంభరంగారు. అధికారులు సిగ్గుతో తలలు దించుకున్నారు. మంజూష ఏదో చెప్పబోయింది గానీ ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించేశారు. "అమ్మాయ్, నీకు తెలియకుండానే నువ్వొక వ్యవస్థను కనిపెట్టావు. ఇక మిగతాది మాకు వదిలెయ్."

ఆ మిగతాది వారం తిరక్కుండానే ఉత్తర్వు రూపంలో దిగింది. "ఔషధము ప్రజల హక్కు మాత్రమే కాదు, ప్రజల అర్హత కూడా. అర్హత లేనివాని ఉదరమున పడిన ఔషధము వ్యర్థము. ఔషధము వ్యర్థమైనచో వైద్యము వ్యర్థము. వైద్యము వ్యర్థమైనచో ఈ కార్యాలయము వ్యర్థము. ఇది జరుగరాదు. కావున ఇకమీదట ఔషధార్హత పరీక్షలో ఉత్తీర్ణులైన రోగులకు మాత్రమే మాత్రలు పంపిణీ చేయవలెను. క్లినికల్ ఫార్మసిస్టులు ముఖ్య పర్యవేక్షకులుగా వ్యవహరింపవలెను." మందుల షాపులవాళ్ళు కూడా ఉత్తీర్ణత పత్రం చూడకుండా మాత్ర అమ్మితే లైసెన్సు రద్దవుతుందని చివర్లో ఒక వాక్యం తగిలించారు.

పద్మనాభం గారు ఉత్తర్వు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశారు. "అమ్మా మంజూషా, వీళ్ళు పాసయ్యేదాకా నన్నేం చెయ్యమంటారు?"

"రివిజన్ చేయించమంటారేమో సార్" అంది మంజూష నీరసంగా. అది వేళాకోళానికి అన్నమాట. మర్నాడు వచ్చిన అనుబంధ ఉత్తర్వులో అది నిజంగానే ఉంది.

పరీక్ష రోజు చూడాలి తాళ్ళమెరక వైభవం. ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర హాల్ టికెట్లు పట్టుకుని ముసలీ ముతకా బారులు తీరారు. నిమిషం ఆలస్యమైతే అనుమతి లేదు కనుక మోకాళ్ళ నొప్పులవాళ్ళు తెల్లారగట్ల బయల్దేరి వచ్చారు. ఆయాసంవాళ్ళు పరుగెత్తుకొచ్చి మరింత ఆయాసం తెచ్చుకున్నారు. తాతల్ని మనవలు బండ్ల మీద దింపి, నుదుట బొట్టు పెట్టి, "కంగారు పడకు, తెలిసినవి ముందు రాయి" అని వీపు తట్టారు. తనిఖీ బృందం వారు ఒక్కొక్కరి జేబులూ వెతికి మాత్రల పట్టీలు లాగేసుకున్నారు. పట్టీ మీద మందు పేరు అచ్చయి ఉంటుంది కాబట్టి అది కాపీ చీటీ కిందికే వస్తుందట. ఆ లెక్కన మందుల అల్మారా మొత్తం లీకైన ప్రశ్నపత్రమేనని ఒక అధికారికి మెరుపులా తట్టింది. వెంటనే మాత్రలన్నిటినీ పెట్టెల్లో సర్ది, లక్క ముద్ర వేసి, పోలీసు స్టేషన్లో భద్రపరిచారు. నలుగురు దొంగలున్న లాకప్పు ఖాళీ చేయించి అందులో దగ్గు మందు పెట్టారు.

ప్రశ్నపత్రం రాజధానిలో తయారైంది. "నీవు వాడు మాత్ర నీ దేహమున ప్రవేశించిన పిమ్మట ఏయే అవయవములను సందర్శించును? వివరింపుము. మాత్రకును టానిక్కునకును గల భేదములు వ్రాయుము. ఖాళీలను పూరింపుము: మనిషికి ------ లేనిచో మందు అక్కరలేదు." ఈ చివరి ఖాళీలో చాలామంది "డబ్బు" అని పూరించారు. దానికి మార్కులు ఇవ్వాలా వద్దా అని పై కార్యాలయంలో రెండు వర్గాలై కొట్టుకున్నారు.

హాల్లో ఒక పెద్దాయన పేపరు అందుకోగానే లేచి నిలబడి మెలికలు తిరిగిపోయాడు. పొద్దున్నే నీరు తీసే మాత్ర వేసుకొచ్చాడు పాపం. మొదటి అరగంట ఎవరినీ బయటికి పంపడానికి వీల్లేదన్నాడు స్క్వాడ్ అధికారి. ఆ పెద్దాయన నిబంధనని గౌరవించాడు గానీ మాత్ర గౌరవించలేదు. మంజూష ఆయన పేపరు తీసుకుని, "ఈ మాత్ర ఎలా పనిచేస్తుందో అడిగారుగా, చేసి చూపించారు" అని ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు వేసింది. ప్రాక్టికల్స్ సిలబస్‌లో లేవని అధికారి కొట్టేశాడు.

ఫలితాలొచ్చేసరికి ఊరి తీరే మారిపోయింది. మనవలు తాతల్ని నిలదీశారు: "పక్కింటి తాతకి షుగర్లో ఫస్ట్ క్లాసొచ్చింది, నీకేమైంది? తిండి పెట్టట్లేదా మేము?" సంబంధాలు చూసుకునే చోట "మా మామగారు బీపీలో డిస్టింక్షనండీ" అని చెప్పుకోవడం మొదలైంది. ఆరోగ్య కేంద్రం ఎదురుగా అమృతబిందు కోచింగ్ సెంటర్ వెలిసింది. హోర్డింగు నిండా బోసినోళ్ళు నవ్వుతున్నాయి. ఆటోలో మైకు పెట్టి "షుగర్లో ఒకటి ఒకటి ఒకటి, కీళ్ళవాతంలో రెండు మూడు నాలుగు" అంటూ ఊదరగొట్టారు. హాస్టల్లో చేరినవాళ్ళని తెల్లవారక ముందే లేపి బట్టీ పట్టించారు. నిద్ర చాలక వాళ్ళ బీపీలు పెరిగాయి. పెరిగినవాళ్ళని పై బ్యాచ్‌కి పంపారు. ఆయాసం విభాగంలో రాష్ట్రస్థాయి మొదటి ర్యాంకు వచ్చిన కుర్రాడికి ఆయాసమే లేదు, కబడ్డీ ఆడతాడు. ర్యాంకు కోసం సెంటర్ వాళ్ళే దొంగ రోగి చీటీ పుట్టించి, ఫీజు కట్టి కూర్చోబెట్టారట.

మంజూషని గుండె పట్టుకునేలా చేసింది మాత్రం పాసైనవాళ్ళు. ప్రథమ శ్రేణిలో నెగ్గి, పోలీసు స్టేషన్లో సంతకం పెట్టి మాత్రలు తెచ్చుకున్న ఒక షావుకారు ఇంటికి ఆమె వెళ్తే, హాల్లో గోడ మీద ఉత్తీర్ణత పత్రం, దాని కిందనే మాత్రల పట్టీ, రెండూ కలిపి లామినేషన్ చేయించి దండ వేసి ఉన్నాయి.

"మింగలేదా అండీ?" అంది మంజూష అదిరిపడి.

"ఫస్ట్ క్లాసులో వచ్చిన మాత్రండీ అమ్మా. మింగేత్తే మళ్ళీ వత్తాదేంటండీ?" అన్నాడాయన.

ఇక ధర్మారావు సంగతి. ఆయన ఫెయిలయ్యాడు. కొండల్లో, వానల్లో, బ్రేకులు పడని బళ్ళు నడిపిన గుండె, తెల్ల కాగితం కనబడగానే జావైపోయింది. వీరవేణి పంతం పట్టి ఇంట్లో చదివించింది. మాత్ర ప్రయాణం ఆయన బుర్రకెక్కేలా బస్సు రూటులా చెప్పింది: నోట్లో ఎక్కింది, గొంతు స్టాపులో ఆగలేదు, పొట్ట కాంప్లెక్సులోకి వచ్చింది, అక్కణ్ణించి రక్తం రోడ్డు మీదుగా మూత్రపిండాల దగ్గర దిగింది. ధర్మారావు ఉత్సాహంగా నేర్చుకున్నాడు. సప్లిమెంటరీలో అంతా రాశాడు కూడా. "పొట్ట కాంప్లెక్సు యందు సిబ్బంది టీ తాగుటకు మాత్ర కాసేపు ఆగును" అని అదనంగా ఒక వాక్యం ఆయనే చేర్చాడు. పేపరు దిద్దినవాడికి రసికత లేదు. మళ్ళీ ఫెయిలు.

ఇంట్లో ఉన్న మాత్రలు అయిపోయాయి. ధర్మారావు పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం మానేశాయి. పడుకుంటే ఊపిరాడక దిండ్ల మీద దిండ్లు వేసుకుని కూర్చుంటున్నాడు. సూదికి పరీక్ష లేదన్న సందు చూసుకుని పద్మనాభం గారు రెండుసార్లు ఇంజక్షనుతో గట్టెక్కించారు. రోజూ మాత్ర మింగాల్సిన మనిషిని సూది మీద ఎన్నాళ్ళని నెట్టుకొస్తారు? వీరవేణి మంజూష బల్ల ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ మాట తడుముకోవడం మంజూష చూడటం అదే మొదటిసారి.

"అమ్మాయిగారూ, నాకు తెలుసుగా అన్నీ. నన్ను కూర్చోబెట్టండి పరీక్షకి."

"మీకు జబ్బు లేదు పిన్నిగారూ. అభ్యర్థి రోగే అయ్యుండాలట."

"ఐతే ఆ జబ్బేదో నాకూ తెప్పించండి" అంది వీరవేణి. మంజూషకి ఏడుపొచ్చింది. నాలుగు మంచి మాటలు అడిగిన పాపానికి ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడే పట్నం వెళ్ళి విశ్వంభరంగారిని కలిసింది. ఆయన పళ్ళరసం ఇప్పించి, ఓపికగా విన్నారు.

"అమ్మాయ్, ఫెయిలైనవాడికి పట్టా ఇస్తామా?"

"పట్టా లేకపోతే మనిషి పోడు సార్. మాత్ర లేకపోతే పోతాడు."

"అది భావోద్వేగము. మేము విధానమును గురించి మాట్లాడుచున్నాము." కోపం వచ్చినప్పుడల్లా ఆయన గ్రాంథికంలోకి ఎక్కుతారు. "మీ కేంద్రంలో ఉత్తీర్ణత శాతం తక్కువ. కారణం? పక్క మండలంలో నూటికి నూరు వచ్చింది."

"అక్కడ ఫెయిలయ్యేవాళ్ళ పేర్లు ముందే తీసేశారు సార్."

"అదే దక్షత అంటే" అన్నారు విశ్వంభరంగారు. ఎల్లుండి తాళ్ళమెరకలోనే ఔషధ పట్టభద్రుల స్నాతకోత్సవం జరుగుతుందనీ, పథకం పుట్టిన గడ్డ కాబట్టి ఆమెకి శాలువా కప్పుతామనీ శుభవార్త చెప్పి పంపించారు.

స్నాతకోత్సవానికి ఆరోగ్య కేంద్రం ఆవరణలో షామియానా వేశారు. పాసైనవాళ్ళు నల్ల గౌన్లలో చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పోలీసు జీపులో మాత్రలు దిగాయి. లక్క ముద్రలు విప్పి, వెండి పళ్ళేల్లో సర్ది వేదిక మీద పెట్టి, పక్కన ఒక కానిస్టేబుల్ని కాపలా ఉంచారు. ముందు వరసలో ధర్మారావు కూర్చుని ఉన్నాడు. ఫెయిలైనవాళ్ళని పిలవలేదు. వీరవేణి ఆయన్ని రెక్క పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది, లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయన నోటితో గాలి తీసుకుంటున్నాడు. వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చున్న మంజూషకి ఆయన తప్ప మరేదీ కనబడటం లేదు.

విశ్వంభరంగారి ఉపన్యాసం రంజుగా సాగుతోంది. "తాను మింగు మాత్రను గూర్చి తాను తెలిసికొనని పౌరుడు..." అంటూండగా ఆయన డ్రైవరు వెనకనుంచి వచ్చి, "సార్, మాత్ర టైమయిందండీ" అన్నాడు. విశ్వంభరంగారు వాక్యం ఆపకుండానే చెయ్యి వెనక్కి చాపారు. డ్రైవరు చిన్న డబ్బాలోంచి ఒకటి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆయన చూడకుండా నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, "...దేశమునకు భారము" అని వాక్యం ముగించారు.

"బాబుగారూ!" అంది వీరవేణి లేచి. "ఒక్క మాట. ఇప్పుడు మింగారే, అదేం మాత్రండీ?"

విశ్వంభరంగారు చిరునవ్వు నవ్వారు. "అది ఆరోగ్యమునకు సంబంధించిన మాత్ర తల్లీ."

"అనారోగ్యం తెచ్చుకోడానికెవరూ మింగరు గదండీ. పేరేంటండీ?"

"తెల్లనిది."

"తెల్లనివన్నీ ఒకటే ఐతే ఈ అమ్మాయిగారికి ఉద్యోగమెందుకండీ?"

సభలో చిన్న సందడి మొదలైంది. విశ్వంభరంగారు డ్రైవరు వైపు చూశారు. "నాకేం తెలుసండీ, అమ్మగారు డబ్బాలో సర్ది ఇత్తారు, నేను టైముకి పెడతాను" అన్నాడు డ్రైవరు నిజాయితీగా. ఇక గత్యంతరం లేక ఆయన ఇంటికి ఫోన్ చేసి, ఇప్పుడు మింగిన తెల్లదాని పేరేమిటని అడిగారు. కంగారులో ఫోను చెవికి బదులు మైకు దగ్గర పెట్టుకున్నారు.

"ఏవండీ!" అంది షామియానా అంతా నిండిపోయే గొంతు. "మళ్ళీ తెల్లది మింగేశారా? అది పొద్దుటిదండీ, పొద్దున్న నేనే వేశాను. మధ్యాహ్నానికి గులాబీది! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? మీకు చెప్పి ఏం లాభం, ఫోను డ్రైవరుకివ్వండి."

నల్ల గౌన్లు ఊగిపోయేలా నవ్వారు జనం. షావుకారు నవ్వలేక దగ్గాడు. కాపలా కానిస్టేబుల్ టోపీతో మొహం కప్పుకున్నాడు. పద్మనాభం గారు చాలా కాలానికి కడుపారా నవ్వారు. అయితే విశ్వంభరంగారు ఊరికే సంచాలకులు కాలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సభాసదులారా! మీరిప్పుడు చూచినది ఒక క్షేత్రస్థాయి ప్రయోగము. దీనివలన తేలినదేమి? మింగువాడు నిమిత్తమాత్రుడు. మాత్రను చేతిలో పెట్టువారే అసలైన అభ్యర్థి! ఇకపై పరీక్ష వారికే నిర్వహింపబడును. ఇది ఈ క్షణమునుండి అమలు."

చప్పట్లు మోగిపోయాయి. "ఐతే నాకు పేపరివ్వండి, ఇప్పుడే రాసేత్తాను" అంది వీరవేణి చీర కొంగు దోపుకుంటూ.

"ఇప్పుడెలా తల్లీ? నోటిఫికేషన్ రావలెను. సిలబస్ సంఘము కూర్చొనవలెను. అత్తగారు పెట్టు మాత్రలకు, కోడలు పెట్టు మాత్రలకు వేర్వేరు పేపర్లు ఉండవలెను." అధికారులందరూ ఆయన చుట్టూ మూగి, కోడళ్ళకి నెగెటివ్ మార్కులు పెట్టాలా వద్దా అన్న చర్చలో పడ్డారు.

ధర్మారావు కుర్చీలో ముందుకు ఒంగిపోయాడు. పెదవులు నల్లబడుతున్నాయి. మంజూష ఇంకేమీ ఆలోచించలేదు. శాలువా జారిపోతుంటే పట్టించుకోకుండా లేచి వెండి పళ్ళెం దగ్గరికి వెళ్ళి, కావలసిన మాత్ర వెతికి తీసింది. బహుమతి ప్రదానం మొదలైందనుకుని కానిస్టేబుల్ ఆమెకి సెల్యూట్ కొట్టాడు. వేదిక దిగి ఆమె ధర్మారావు అరచేతిలో మాత్ర పెట్టింది. మంజూషని చూడగానే ఆయనకి పరీక్ష భయం పట్టుకుంది. "ఈ మాత్ర నోటి యందు ఎక్కి, గొంతు స్టాపులో..." అని రొప్పుతూ మొదలుపెట్టాడు.

"ఏమీ చెప్పొద్దు బాబాయిగారూ. నోరు తెరవండి, చాలు" అంది మంజూష. ఆయన మింగాడు. ఈలోగా పద్మనాభం గారు సూదితో పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి ధర్మారావు వీపు నిటారుగా పెట్టి, గాలి పూర్తిగా పీల్చి, మరుగుదొడ్డి ఎటువైపని అడిగాడు. వీరవేణి కళ్ళు తుడుచుకుని, "చూశారా, దిగాల్సిన స్టాపు ఆయనకి తెలుసు" అంది.

విశ్వంభరంగారు జరిగిన ఘోరం అప్పుడు చూశారు. "అమ్మాయ్! అనుత్తీర్ణునికి మాత్ర ఇచ్చితివా?"

"ఇచ్చాను సార్."

"నీవు చేతిలో పెట్టితివి. కావున మా నూతన నిబంధన ప్రకారము నీవే అభ్యర్థివి. ఈ క్షణమున పరీక్షకు నిలబడుము!"

"ఇందాక నోటిఫికేషన్ రావాలన్నారు గదండీ?" అంది వీరవేణి.

"ఇది క్రమశిక్షణా చర్య. క్రమశిక్షణకు నోటిఫికేషన్ అక్కరలేదు" అన్నారాయన.

మంజూషకి ఉద్యోగం పోతుందని తెలిసిపోయింది. తెలిసిపోయాక భయం కూడా పోయింది. "అడగండి" అంది. ఆయన అడిగారు. ఆమె చెప్పింది. ఆ మాత్ర ఒంట్లో నీరెలా తీస్తుందో, ఎందుకు పొద్దున్నే వేసుకోవాలో, ఉప్పెందుకు తగ్గించాలో, లేచేటప్పుడు ఎందుకు నెమ్మదిగా లేవాలో, ధర్మారావు ఒంటికి ఏది పడుతుందో ఏది పడదో అన్నీ చెప్పింది.  చెప్పడం అయ్యాక విశ్వంభరంగారు అధికారుల వైపు తిరిగారు.

"ఇది సరియైన జవాబేనా?"

అధికారులు ఫైళ్ళు తిరగేశారు. "జవాబుల పత్రం సీల్డు కవరులో ప్రధాన కార్యాలయంలో ఉంది సార్. అది చూడకుండా ఎలా చెప్పగలం?"

"సరైనదే, నేను చెబుతున్నాను" అన్నారు పద్మనాభం గారు.

"మీరు డాక్టరు మాత్రమే. సిలబస్ సంఘ సభ్యులు కారు" అన్నారు విశ్వంభరంగారు. ఫెయిలు చేయడానికీ వీల్లేదు, పాసు చేయడానికీ వీల్లేదు. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని నిబంధనలన్నీ మనసులో తిరగేశారు. చివరికి మొహం వెలిగింది. "ఈ అభ్యర్థి ఫలితము నిలుపుదల చేయబడినది. జవాబుల పత్రము చేరువరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

"అంటే నేనేం చెయ్యాలి సార్?" అంది మంజూష.

"ఇప్పుడేమి చేయుచుంటివో అదియే చేయుచుండుము."

ఆమె ఇప్పుడు చేస్తున్నది మాత్ర చేతిలో పెట్టడం. ఆ సంగతి అందరికంటే ముందు వీరవేణికి వెలిగింది. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని చాపించింది. పిలుపు లేక షామియానా బయట నిలబడి చూస్తున్న ఫెయిలైనవాళ్ళు చాపారు. గౌన్లు వేసుకున్నవాళ్ళూ చాపారు. షావుకారు ఇంటికి పరుగెత్తి దండతో సహా గోడ మీది పటం ఊడబెరికి తెచ్చాడు. మంజూష కత్తెర తెప్పించుకుని లామినేషన్ కత్తిరించింది. విశ్వంభరంగారు కారెక్కబోతూ ఒక్క క్షణం తటపటాయించి, డబ్బా తీసి, "ఇందులో గులాబీది ఏది?" అని ఆమెని చాటుగా అడిగారు. ఆమె చూపించి, ఇందాకటి రెండో తెల్లదాని మూలంగా ఇవాళంతా లేచేటప్పుడు నెమ్మదిగా లేవమని చెప్పి పంపింది.

జవాబుల పత్రం ఇంకా రాలేదు. కవరున్న బీరువా ఒక శాఖదీ, బీరువా ఉన్న గది మరో శాఖదీ అనీ, రెండింటి మధ్యా ఉత్తరాలు నడుస్తున్నాయనీ వినికిడి. అది వచ్చేదాకా తాళ్ళమెరకలో అందరికీ మాత్రలు అందుతాయి. మంజూష బల్ల దగ్గర మళ్ళీ జాడీలూ డబ్బాలూ తెరుచుకుంటున్నాయి. ధర్మారావు చెప్పులు పాదాలకి పడుతున్నాయి. వీరవేణి మాత్రం ప్రతి శుక్రవారం అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి మొక్కుకుంటోంది: "ఆ కవరు రాకుండా చూడు తల్లీ. వత్తే గిత్తే దార్లో వానకి తడిసిపోయేలా చూడు. మా అమ్మాయిగారు పాసవకూడదు, ఫెయిలవకూడదు, ఇలాగే ఉండిపోవాలి."